ఆరు అన్న గొంతు

శ్రావ్య మినప్పప్పు కడుగుతోంది. పెరటి కుళాయి కింద గిన్నె పెట్టి, నానిన పప్పును అరచేతులతో రుద్ది, పైకి తేలిన పొట్టును వంచేసి, మళ్ళీ నీళ్ళు పడుతోంది. నాలుగు నీళ్ళకే పప్పు మల్లెమొగ్గలా తేలింది. అయినా అయిదోసారి కడుగుతోంది. లోపలికి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు.

నడవలోంచి అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఒక్క సంతకం. అంతే కదండీ. ప్లీడరుగారు బందరు నుంచి నిన్న పనిగట్టుకుని వచ్చి రాసిచ్చాడు. పదకొండింటికి ఫ్యాక్టరీల ఆఫీసరొస్తాడు. అప్పుడు కూడా ఇలాగే బొమ్మలా కూర్చుంటారా?"

నాలుగు రోజులుగా మావగారు జగన్నాథం ఎవరికీ జవాబు చెప్పడం లేదు.

శ్రావ్య గిన్నె ఎత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. అక్కడి నుంచి నడవ అంతా కనిపిస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడాయన. అరవై నాలుగేళ్ళ మనిషి. ఇరవై నాలుగేళ్ళు ఆర్టిలరీలో పనిచేసి, నాయబ్ సుబేదారుగా దిగాడు. ఫిరంగుల పక్కన నిలబడి నిలబడి కుడిచెవి పోయింది. ఎవరు మాట్లాడినా మొహం కాస్త పక్కకు తిప్పి ఎడమచెవి అందిస్తాడు. ఇప్పుడు అత్తగారు ఇందిరాదేవి వైపు ఉన్నది కుడిచెవి. కావాలనే అలా కూర్చున్నాడేమో.

బల్ల మీద కాగితం. దాని మీద పెన్ను. అందులో ఏముందో శ్రావ్యకు కంఠతా వచ్చేసింది. అత్తగారు నిన్నటి నుంచి పదిసార్లు చదివి వినిపించింది.

"పనివాడు సలాం మిగతా వారితో పాటు బయటికి వచ్చి, లెక్కలో తన నంబరు పలికి, ఆ తరువాత ఎవరికీ చెప్పకుండా సెల్‌ఫోను కోసం లోపలికి తిరిగి వెళ్ళినాడు."

ఊళ్ళో అప్పుడే ఈ మాట పాకిపోయింది. నాగాయలంక బస్టాండులో టీ తాగేవాళ్ళు కూడా ఇదే చెప్పుకుంటున్నారు. పాపం, ఫోను కోసం వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడట అని.

లోపలి గదిలో భర్త రఘురామ్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని శ్రావ్యకు తెలుసు. అమ్మోనియా కొట్టిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చుక్కల మందు వెయ్యబోతే చెయ్యి తోసేస్తున్నాడు.

సోమవారం పొద్దున ఏడు గంటలకు వాళ్ళ ఐసు ఫ్యాక్టరీలో గొట్టం పగిలింది. గ్యాసు గుప్పున కమ్మేసింది. అందరూ కళ్ళు మూసుకుని దగ్గుకుంటూ రోడ్డు మీదకు పరుగెత్తారు. జగన్నాథం అక్కడే వాళ్ళను వరసలో నిలబెట్టి నంబర్లు పలకమన్నాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా తొమ్మిది అంకెలూ వినిపించాయి. ఫైరింజను వాళ్ళు వచ్చి లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఒక్కరూ లేరు, నా గింతీ పూర్తయిందన్నాడు. షట్టరు దించేయించి, గ్యాసు ఊళ్ళోకి పోకుండా నీళ్ళు కొట్టించాడు. ముప్పావుగంట తరువాత లోపలికి వెళ్ళినవాళ్ళకు ఉప్పునీటి తొట్టి వెనకాల సలాం కనిపించాడు.

సలాం నంబరు ఆరు.

*

గింతీ అంటే మిలిటరీలో మనుషుల లెక్క. ఈ ఇంట్లో ఆ మాట తెలియనివాళ్ళు లేరు.

సైన్యం నుంచి వచ్చిన కొత్తలో జగన్నాథం గుడివాడలో స్టీలు సామాన్ల కొట్టు పెట్టాడు. బేరమాడిన ఆడవాళ్ళతో, "ఒకటే ధర. తీసుకుంటారా, కదులుతారా?" అనేవాడట. ఆరు నెలల్లో అందరూ కదిలిపోయారు. బడిపంతులు కొడుక్కి వ్యాపారమేమిటి అని బంధువులు నవ్వారు. తరువాత తన అత్తవారి ఊరైన నాగాయలంక వచ్చి, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ తీసుకున్నాడు. అక్కడ మాత్రం ఆయన పద్ధతి కుదిరింది. రొయ్యల చెరువుల వాళ్ళకూ పడవల వాళ్ళకూ చెప్పిన వేళకు ఐసు పడాలి. ఈయన దగ్గర పడేది.

రోజూ పొద్దున ఏడింటికి పనివాళ్ళు వరసగా నిలబడాలి. ఎవరి నంబరు వాళ్ళు పలకాలి. యజమాని కొడుకైనా వరసలోనే. రఘురామ్ అయిదు. సలాం ఆరు. సలాం తమ్ముడు అబ్రార్ ఏడు. రఘురామ్, సలాం ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు. పండక్కి సేమ్యా ఇటొస్తే, పరమాన్నం అటు వెళ్ళేది.

ఎందుకండీ మావయ్యగారూ ఈ లెక్క, మేమేమైనా గొర్రెలమా అని పనివాళ్ళు నవ్వితే జగన్నాథం అరుణాచల్ కొండల్లోని తవాంగ్ కథ చెప్పేవాడు. మంచు చరియ పడి బంకరు కూరుకుపోయిన రోజు, గింతీలో నలభై ఒక్కరూ పలికినా తనకు అనుమానం వచ్చి, ఒక్కొక్కరి గుండె మీద చెయ్యి వేసి మళ్ళీ లెక్కపెట్టానని, నలభైమందే తేలారని, తవ్వితే మొహంతి అనే ఒడియా జవాను ప్రాణాలతో దొరికాడని. పెళ్ళయిన ఈ ఏడేళ్ళలో శ్రావ్య ఆ కథ యాభైసార్లు విని ఉంటుంది.

గేటు చప్పుడైంది.

అబ్రార్. తలమీద టోపీ, నలిగిన చొక్కా. మెట్టు దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి రాకుండా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"రావయ్యా, కూర్చో" అంది ఇందిరాదేవి. అంటూనే బల్లమీది కాగితాన్ని బోర్లించింది. "వదిన ఎలా ఉంది?"

"ఇద్దత్‌లో కూర్చుంది అత్తయ్యా. నేనూ పరదా ఇవతలి నుంచే మాట్లాడుతున్నా."

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. పరాయి మగవాళ్ళ కంట పడకూడదు. మరిది కూడా పరాయి కిందే లెక్క.

"నిన్న మూడోనాటి జియారత్ అయింది కదా. ఏమైనా తిందా?"

"లేదండీ. నాలుగు రోజులుగా మంచినీళ్ళే." అబ్రార్ గొంతు సవరించుకున్నాడు. "మావయ్యగారిని ఒక్క మాట అడిగి రమ్మంది. అన్న ఆ రోజు లెక్కలో పలికాడా, లేదా?"

ఇందిరాదేవే అందుకుంది.

"పలికాడయ్యా. ఎందుకు పలకలేదూ? బంగారంలా బయటికొచ్చి పలికాడు. ఆ తర్వాతే ఆ మాయదారి ఫోనుకోసం లోపలికెళ్ళాడు. ఎవరి రాత ఎలా ఉంటే అలా జరుగుతుంది. ఎవర్ని అని ఏం లాభం?"

"ఆ ఫోను గురించే అత్తయ్యా..."

"ఏంటయ్యా?"

"ఆ రోజు వదిన అన్నకి మూడుసార్లు ఫోన్ చేసింది. సరిగ్గా ఏడు దాటగానే. పాపకి జ్వరం, వచ్చేటప్పుడు మాత్రలు తెమ్మని. ఎత్తలేదంట." అబ్రార్ నేల చూస్తున్నాడు. "ఇప్పుడు ఊరంతా ఫోనుకోసం వెళ్ళి చచ్చిపోయాడంటుంటే, ఆవిడేమంటోందో తెలుసా? నేను చెయ్యకపోతే మోగేది కాదు, మోగకపోతే వెళ్ళేవాడు కాదు, నేనే చంపుకున్నా అంటోంది. ఆ ఫోను ముందు పెట్టుకుని, తల దానికేసి కొట్టుకుంటోంది. నిన్న చూస్తే నుదుటి మీద బొప్పి కట్టిందని మా ఆవిడ చెప్పింది."

శ్రావ్య చేతిలోని గిన్నెను వంటగట్టు మీద పెట్టేసింది.

సలాం భార్య నూర్ బీ. సాయంత్రాలు కూతురు ఇఫ్రాని ఎక్కాలు చెప్పించుకోవడానికి ఇక్కడికి పంపించి, చీకటి పడబోతుంటే వచ్చి, గేటు దగ్గరే నిలబడి గంటసేపు కబుర్లు చెప్పే మనిషి. నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మనిషి.

అప్పుడు జగన్నాథం మొహం తిప్పాడు. ఎడమచెవి అబ్రార్ వైపు పెట్టాడు.

"పాప ఆ రోజు బడికి వెళ్ళలేదా?" నాలుగు రోజులు వాడని గొంతు. తుప్పు పట్టినట్టుంది.

"లేదండీ. జ్వరం కదా."

"అంటే సలాం బస్సు దగ్గరికి వెళ్ళలేదు."

"ఎందుకెళ్తాడండీ? పొద్దున ఆరింటి నుంచీ లోపలే ఉన్నాడు. ఐసు డబ్బా ఒకటి తొట్టిలో ఇరుక్కుందని."

జగన్నాథం కళ్ళు మూసుకున్నాడు. లోపలి గదిలో మంచం కిర్రుమంది. రఘురామ్ లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా లేదు. గడ్డం మాసింది.

శ్రావ్య అతన్ని చూసింది. చూడగానే అర్థమైంది. రోజూ ఏడింటికి సలాం కూతుర్ని స్కూలు బస్సు ఎక్కించడానికి వెళ్ళేవాడు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లోనే గింతీ. ఇవాళ కూడా మా నాన్నకి ఆరు వినిపించేశానే, గొంతు మార్చి అనేశా అని అన్నం దగ్గర రఘురామ్ ఎన్నిసార్లు నవ్వలేదు? తనూ నవ్వింది.

"ఏంట్రా లేచొచ్చావ్? పడుకో. డాక్టరుగారు వెలుతురు చూడొద్దన్నాడు కదా" అంది ఇందిరాదేవి గబగబా. ఎవరూ ఏమీ అనకుండా ఉండాలని ఆవిడ అబ్రార్ వైపు తిరిగింది. ఆవిడ గొంతు ఈసారి పదునుగా ఉంది.

"అయినా నన్నడుగుతావేంటయ్యా? ఏడు అన్నది నువ్వేగా? ఆరు తర్వాతే కదా ఏడు? నీ పక్కన నీ అన్న ఉన్నాడో లేడో నీకు తెలీదూ?"

అబ్రార్ గుమ్మం చెక్కను గోటితో గీకుతూ ఉండిపోయాడు.

"కళ్ళు తెరవలేకపోయా అత్తయ్యా" అన్నాడు చివరికి. "ఆరు వినపడింది. ఏడన్నా. రోజూ అలాగేగా. ఆరు ఎవరన్నారని నేనేరోజూ చూళ్ళేదు. నాలుగు రోజులుగా అదే తిరుగుతోంది నా బుర్రలో. వదిన మొహం చూడకూడదన్నారు కాబట్టి సరిపోయింది. చూడమంటే చూడగలనా?"

"అన్నది నేనే" అన్నాడు రఘురామ్.

"రఘూ!"

"ఆరు అన్నది నేనే రా అబ్రార్. వాడు పాపని బస్సెక్కించడానికి వెళ్ళాడనుకున్నా. అయిదు అన్నా, ఆరు అన్నా. ఒక్క క్షణం కూడా ఆలోచించలా."

"నోరు ముయ్యరా! జ్వరంతో ఏదో వాగుతున్నాడు. నువ్వు పట్టించుకోకు బాబూ..."

"నాకు జ్వరం లేదమ్మా."

అబ్రార్ తల ఎత్తి రఘురామ్‌ని చూశాడు. కొడతాడేమోననుకుంది శ్రావ్య. కొట్టినా బాగుండేది. అతను మెల్లగా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నాకు తెలుసు" అన్నాడు జగన్నాథం.

అందరూ అటు తిరిగారు.

"ఏం తెలుసు నాన్నా?"

"ఆరు అన్నది నువ్వేనని. ఆ రోజే కాదు, రోజూ తెలుసు. ఒక చెవి పోయిందిగానీ, కన్నకొడుకు గొంతు పోల్చుకోలేనంత చెవిటివాణ్ణి కాలేదు. నువ్వు గొంతు బొంగురు చేసి అనేవాడివి. వెనకాల వాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. అదీ వినపడేది."

రఘురామ్ రెండడుగులు ముందుకొచ్చాడు.

"తెలిసే ఊరుకున్నావా? తెలిసే ఆ ఫైరింజను ఆయనకి అందరూ వచ్చేశారని చెప్పావా?"

"నేనూ నీలాగే అనుకున్నాను. సలాం బస్సు దగ్గరున్నాడు, క్షేమంగా ఉన్నాడని."

"అనుకున్నావా! గింతీ అంటే అనుకోవడం కాదు, కళ్ళతో చూడ్డం అని నువ్వే కదా మమ్మల్ని చంపుకుతిన్నది? మొదటిరోజే ఒక్క చెంపదెబ్బ కొట్టుంటే ఏం పోయేది నాన్నా? అందరి ముందూ కొట్టుండాల్సింది! నీ గింతీ, నీ తవాంగు, నీ మొహంతి... అన్నీ పనివాళ్ళకి చెప్పడానికేనా?"

ఇందిరాదేవి ఏదో అనబోయింది. జగన్నాథం చెయ్యెత్తి ఆపాడు.

వీధిలో చేపలబండి వాడు కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ కేక సందు చివర దాకా వినిపించింది.

"తవాంగులో ఆ రోజు గుండెల మీద చెయ్యేసి లెక్కపెట్టింది నేను కాదు" అన్నాడు జగన్నాథం.

శ్రావ్య వంటింటి గుమ్మం పట్టుకుంది.

"లంగరులో, అంటే మిలిటరీ వంటశాలలో, వంటమనిషి ఒకడుండేవాడు. గఢ్వాల్ కొండలవాడు. చదువు రాదు. గింతీ అయిపోయి అందరం కదులుతుంటే వాడు గరిటె పట్టుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. రొట్టెలు నలభై ఒకటి చేశాను, ఒకటి మిగిలింది, ఎవడు తినలేదో చెప్పండన్నాడు. మేజరు తిట్టాడు. వాడు కదల్లా. ఒక్కొక్కడి గుండెమీద చెయ్యేసుకుంటూ వచ్చాడు. నా దగ్గరికొచ్చి ఆగాడు. వాడి చేతికి పిండి అంటుకునుంది. నా కళ్ళలోకి చూశాడు."

"అంటే..." అన్నాడు రఘురామ్.

"మొహంతికి బదులు హాజిర్ అన్నది నేను. ముందురోజు వాడు కింద పల్లెకి వెళ్ళాడు, రక్సీ సారా తాగడానికి. తిరిగి రాలేదనుకున్నా. ఎప్పుడో వచ్చి బంకర్లో పడుకున్నాడు. నాకు తెలీదు."

ఆయన అరచేతులు మోకాళ్ళ మీద ఆనించి చూసుకున్నాడు.

"వాడు బతికాడు. బతికాడు కాబట్టి ఎవడూ నన్నేమీ అడగలా. వంటమనిషి కూడా ఎవరికీ చెప్పలా. ఆ తర్వాత ఇక్కడికొచ్చి మీ అందరికీ ఆ కథ చెప్పడం మొదలుపెట్టాను. చెప్పీ చెప్పీ, ఆ వంటమనిషి నేనే అయిపోయాను. నువ్వు ఆరు అన్నప్పుడల్లా నాకు నా గొంతు వినపడేదిరా. ఏ మొహం పెట్టుకుని తిట్టను?"

ఇందిరాదేవి గోడకు ఆనుకుంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. కానీ అది ఒక్క నిమిషమే. బోర్లించిన కాగితాన్ని తీసి గుండెకు అదుముకుంది.

"అయిందేదో అయింది. పోయినవాడు తిరిగిరాడు. నా కొడుకు మాత్రం ఉన్నాడు. వాడే అన్నాడని తెలిస్తే ఆఫీసరు ఊరుకుంటాడా? పోలీసులు ఊరుకుంటారా? రేపు వీడి చేతికి బేడీలు వేసి బస్టాండు మీదుగా నడిపించుకుపోతే నేను చూడాలా?"

"చింపెయ్యమ్మా దాన్ని" అన్నాడు రఘురామ్.

"చింపను. నన్ను చంపి తీసుకో."

"నాకు కేసులూ గీసులూ తెలీదు" అన్నాడు అబ్రార్, కూర్చున్నచోటి నుంచే. "కాగితంలో ఏం రాసుకుంటారో మీ ఇష్టం. వదినకి ఒక్క మాట చెప్పాలి. ఆయన బయటికే రాలేదు, ఫోనుకోసం లోపలికి వెళ్ళలేదు, నీ తప్పేం లేదని చెప్పాలి. లేకపోతే ఆవిడ బతకదు మావయ్యా. ఇఫ్రాకి అమ్మ కూడా ఉండదు."

జగన్నాథం కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచాడు. "పద. నేనొచ్చి చెప్తాను."

"మీరు రాకూడదండీ."

"పరదా ఇవతల నిలబడే చెప్తాను."

"నేను చెప్పలేదనుకుంటున్నారా? రాత్రంతా చెప్పా. అన్న వెళ్ళుండడు వదినా, ఊళ్ళోవాళ్ళవి ఉత్త మాటలని. నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావు, నీ కళ్ళు చూడందే నేనెలా నమ్మను అంది. మీరు చెప్పినా అంతే. ఎదురుగా కూర్చుని, కళ్ళలో కళ్ళు పెట్టి, చెయ్యి పట్టుకుని చెప్పాలి. ఆడమనిషే చెప్పాలి. ఈ ఇంటి మనిషే చెప్పాలి."

జగన్నాథం భార్య వైపు చూశాడు.

"నా వంక చూడకండి!" అంది ఇందిరాదేవి. "నా కొడుకు పేరు నా నోటితో చెప్పి రావాలా? అక్కడ ముప్పైమంది ఆడవాళ్ళు కూర్చునున్నారు. నేనక్కడ నోరు తెరిచిన పావుగంటకి ఆఫీసరు చెవిలో ఉంటుంది. నూర్ బీకి చెప్పినా ఒకటే, మైకులో చెప్పినా ఒకటే. ఆ పిల్ల అంటే నాకు మాత్రం జాలి లేదా? ఆ దేవుడే ఆవిడకి ఓర్పునిస్తాడు. నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుంది."

"తగ్గదత్తయ్యా" అన్నాడు అబ్రార్.

రఘురామ్ తల్లిని చూడలేదు. తండ్రినీ చూడలేదు. ఎర్రటి కళ్ళతో వంటింటి గుమ్మం వైపు చూశాడు. వెళ్ళమని అడుగుతున్నాడో, వద్దని బతిమాలుతున్నాడో శ్రావ్యకు తెలియలేదు. అతనికైనా తెలుసో లేదో.

ఆ చూపు ఎక్కడికి వెళ్ళిందో ఇందిరాదేవి పసిగట్టింది.

"శ్రావ్యా, నువ్వేంటి అలా నిలబడ్డావ్? పప్పు రుబ్బు. మినపరొట్టె వేస్తే వీళ్ళు తలా ఓ ముక్క తిని..."

శ్రావ్య చేతులు తుడుచుకుంది. దండెం మీది పెద్ద తువ్వాలు తీసి తలమీదుగా భుజాలకు కప్పుకుంది. నడవలోకి వచ్చింది. అత్తగారి పక్కనుంచి, మావగారి కుర్చీ పక్కనుంచి నడిచింది. అబ్రార్ గుమ్మంలోంచి లేచి దారి ఇచ్చాడు.

"శ్రావ్యా! ఎక్కడికే?"

ఆమె మెట్టు దిగి చెప్పులు వేసుకుంది.

"శ్రావ్యా, నిన్నే! అటు అడుగేశావంటే వాడు నీకు దక్కడు. విన్నావా? నీ చేతులతో నువ్వే..." ఇందిరాదేవి భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఆపండి దాన్ని. రఘూ, నువ్వైనా పిలవరా. నువ్వు పిలిస్తే ఆగుతుంది. పిలవరా!"

రఘురామ్ నోరు తెరిచాడు. పిలవలేదు.

గేటు ముందు రోడ్డు రెండువైపులా ఖాళీగా ఉంది. ఎడమ పక్కకు వెళ్తే ఫ్యాక్టరీ, బస్టాండు. కుడి పక్కన మసీదు వీధి, నూర్ బీ ఇల్లు. శ్రావ్య గేటు తీసుకుని, వెనక్కి తిరిగి గడియ పెట్టి, కుడి పక్కకు తిరిగింది.